రేబీస్ వైరస్ - ఆతిథేయి భేదాలు : చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పిచ్చికుక్క కాటు వల్ల కలిగే జలభీతి వ్యాధి ఒక్కటేననీ, దానికి కారణమైన వైరస్ అన్ని జంతువుల్లోనూ ఒకే తీరుగా ఉంటుందనీ చాలాకాలం నమ్మారు. ఏ జంతువు ఆ వైరస్‌ను తరతరాలుగా మోస్తున్నదో దానినిబట్టి వైరస్ స్వరూపంలోనూ, స్వభావంలోనూ భేదాలు ఏర్పడతాయని తెలియడానికి శాస్త్రలోకానికి దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. ఆ అవగాహన ఏ దశల్లో రూపుదిద్దుకున్నదో, దాని పర్యవసానాలు ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రేబీస్, ఆతిథేయి, వీధి వైరస్, స్థిర వైరస్, గబ్బిలాలు, లిస్సావైరస్, వంశశాఖలు, టీకా.

1. ప్రవేశిక:
ఒక వ్యాధి చరిత్రను సాధారణంగా మందుల చరిత్రగానో, వైద్యుల చరిత్రగానో రాస్తారు. రేబీస్ విషయంలో ఈ పద్ధతి వల్ల పాశ్చర్ విజయగాథ ఒక్కటే మిగిలి, ఒక ముఖ్యమైన ప్రశ్న మరుగున పడుతున్నది. కరిచిన జంతువు వేరు, వైరస్‌ను నిలిపి ఉంచుతున్న జంతువు వేరు కావచ్చు. ఒక ఆవు రేబీస్‌తో మరణించవచ్చు గాని, ఆవుల మధ్య ఆ వ్యాధి గొలుసుగా సాగదు. వైరస్ ఒక తరం నుంచి మరో తరానికి సాగేది కుక్క, నక్క, గబ్బిలం వంటి కొన్ని జంతువులలోనే. అటువంటి జంతువును ఇక్కడ ‘నిలయ ఆతిథేయి’ అని వ్యవహరిస్తున్నాం. “ఏ జంతువు కరిచింది?” అనే ప్రశ్న నుంచి “ఇది ఏ జంతువు మోస్తున్న వైరస్?” అనే ప్రశ్నకు సాగిన ప్రయాణమే ఈ చరిత్ర.

2. ప్రయోగశాలలో తొలి భేదం:
1804లో జర్మనీకి చెందిన జింకె పిచ్చికుక్క లాలాజలంతో వ్యాధిని ఆరోగ్యవంతమైన కుక్కకు సంక్రమింపజేసి చూపాడు. 1879లో లియోన్ పశువైద్య విద్యాలయంలోని గాల్టియే కుందేలును ప్రయోగజంతువుగా ప్రవేశపెట్టాడు. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా, తరువాతి పరిశోధన అంతా దీనిమీదే నిలిచింది.

పాశ్చర్, ఆయన సహచరులు కుక్క నుంచి తీసిన మెదడు పదార్థాన్ని ఒక కుందేలు నుంచి మరో కుందేలుకు వరుసగా ఎక్కిస్తూ పోయారు. తొలి కుందేలులో వ్యాధి లక్షణాలు కనబడటానికి సుమారు 15 రోజులు పట్టింది. ఇరవై, ఇరవై అయిదు మార్పిళ్ల తరువాత ఆ గడువు 8 రోజులకు, మరికొన్ని మార్పిళ్ల తరువాత 7 రోజులకు తగ్గి అక్కడే స్థిరపడింది. దీనినే ‘స్థిర వైరస్’ అన్నారు. కుక్కలలో సహజంగా తిరిగేది ‘వీధి వైరస్’. దీనికి భిన్నంగా, కోతులలో మార్పిళ్లు జరిపినప్పుడు వైరస్ తీవ్రత క్రమంగా సన్నగిల్లిందని పాశ్చర్ 1884లో ప్రకటించాడు. ఆతిథేయి మారితే వైరస్ మారుతుందనడానికి ఇదే తొలి ప్రయోగాత్మక ఆధారం.

1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి ఇచ్చిన చికిత్స ఈ స్థిర వైరస్ మీదే ఆధారపడింది. కుందేలు వెన్నుపామును ఆరబెట్టి తయారుచేసిన ద్రవ్యాన్ని పది రోజులలో 13 సార్లు ఎక్కించారు. ఇక్కడొక వైచిత్రి గమనించదగినది. కుక్కకు దూరమై కుందేలుకు అలవాటుపడిన వైరస్, కుక్క కాటు నుంచి మనిషిని కాపాడింది. భేదం ఉన్నప్పటికీ రెండింటికీ ఉమ్మడి లక్షణం ఒకటి ఉన్నదని దీనివల్ల రుజువైంది. అయితే ఈ విజయమే ‘రేబీస్ వైరస్ ఒక్కటే’ అనే భావనను బలపరిచింది.

1903లో నెగ్రి రోగగ్రస్త జంతువుల నాడీకణాలలో ప్రత్యేకమైన సూక్ష్మరూపాలను గుర్తించాడు. ఇవి వీధి వైరస్ సోకిన మెదడులో కనిపిస్తాయి. స్థిర వైరస్ సోకిన మెదడులో సాధారణంగా కనిపించవు. భేదం సూక్ష్మదర్శిని కిందే కళ్లకు కట్టినా, దానిని ప్రయోగశాల సృష్టించిన విశేషంగానే భావించారు. ప్రకృతిలోనూ ఇటువంటి భేదాలు ఉండవచ్చునన్న ఆలోచన అప్పటికి బలపడలేదు.

3. భారతదేశం - స్థిర వైరస్ ప్రస్థానం:
కసౌలీలో 1900లోనూ, కూనూరులో 1907లోనూ పాశ్చర్ సంస్థలు ఏర్పడ్డాయి. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం; కూనూరు సంస్థ ఆ ప్రెసిడెన్సీలోనిదే. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను నిర్జీవం చేసే పద్ధతిని రూపొందించాడు. గొర్రె మెదడులో పెంచిన స్థిర వైరస్‌తో తయారైన ఈ టీకాను బొడ్డు చుట్టూ వరుసగా పొడిచేవారు. ఆ సూదుల జ్ఞాపకం పాతతరం వారిలో ఇప్పటికీ ఉంది. టీకాలోని నాడీకణజాలం వల్ల కొందరికి పక్షవాతం వచ్చేది. అయినా 21వ శతాబ్ది తొలి సంవత్సరాల వరకు ఈ దేశంలో ఇది వాడుకలో ఉంది.

4. కుక్క లేని రేబీస్:
‘ఒకే వైరస్’ భావనకు మొదటి దెబ్బ దక్షిణ అమెరికాలో తగిలింది. బ్రెజిల్‌లోని శాంటా కటరీనా ప్రాంతంలో పశువులు పెద్దసంఖ్యలో మరణిస్తుండగా, 1911లో కరీని అది రేబీస్ అని నిర్ధారించాడు. గబ్బిలాలు పట్టపగలు పశువులను కరవడం చూశామని అక్కడి ప్రజలు చెప్పిన మాటను ఆయన నమోదు చేశాడు. శాస్త్రజ్ఞులలో చాలామంది దానిని నమ్మలేదు.

1929లో ట్రినిడాడ్‌లో మనుషులు కాళ్ల నుంచి పైకి పాకే పక్షవాతంతో మరణించసాగారు. పిచ్చికుక్కలు లేవు, నీటిని చూసి భయపడే లక్షణమూ ప్రధానంగా లేదు. అందువల్ల దానిని మొదట పోలియోగా భావించారు. పశువుల మరణాలను విషాహారం ఖాతాలో వేశారు. 1931లో హర్స్ట్, పవాన్‌లు మృతుల మెదడును పరీక్షించి అది రేబీస్ అని తేల్చారు. ఆ తరువాత పవాన్ రక్తం తాగే గబ్బిలాలలో ఈ వ్యాధిని నిరూపించాడు. వ్యాధి అంటే కుక్క, కుక్క అంటే జలభీతి అన్న సమీకరణం రోగనిర్ణయాన్నే పక్కదారి పట్టించింది. 1953లో అమెరికాలోని ఫ్లోరిడాలో పురుగులను తినే గబ్బిలంలోనూ రేబీస్ బయటపడింది.

5. భేదాలకు కొలమానం:
1956లో నైజీరియాలోని లాగోస్‌లో పండ్లు తినే గబ్బిలాలలోనూ, 1968లో అదే దేశంలోని ఇబాదాన్ వద్ద చుంచులలోనూ దొరికిన వైరస్‌లు రేబీస్‌కు దగ్గరి బంధువులని తరువాత తేలింది. వాటికి లాగోస్ గబ్బిలపు వైరస్, మొకోలా అని పేర్లు. రేబీస్ టీకా వీటినుంచి తగిన రక్షణ ఇవ్వదు. నేడు వీటన్నిటినీ కలిపి లిస్సావైరస్ ప్రజాతి అంటున్నారు.

రేబీస్ వైరస్‌లోపలి భేదాలను పట్టుకోవడానికి సాధనం 1978లో లభించింది. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో విక్టర్, కొప్రోవ్‌స్కీ మోనోక్లోనల్ యాంటీబాడీలను ఉపయోగించి, అప్పటివరకు ఒక్కటిగా కనిపించిన వైరస్‌లను వేరుపరచి చూపారు. ఆ తరువాత జన్యుక్రమ పరిశీలన వచ్చింది. సుమారు 12,000 న్యూక్లియోటైడులు, అయిదు జన్యువులు గల ఈ చిన్న వైరస్ తన పూర్వచరిత్రను తనలోనే దాచుకున్నది. దానినిబట్టి రేబీస్ వైరస్‌లు రెండు పెద్ద సమూహాలుగా విడిపోయాయి. ప్రపంచమంతటా కుక్కలతోనూ, వాటి సంబంధ మాంసాహారులతోనూ ముడిపడినది ఒకటి. అమెరికా ఖండాలలోని గబ్బిలాలతోనూ, రకూన్, స్కంక్‌ల వంటి కొన్ని జంతువులతోనూ ముడిపడినది మరొకటి.

భేదం పేరులోనే కాదు, ప్రవర్తనలోనూ ఉంది. ఉత్తర అమెరికాలోని వెండిరోమాల గబ్బిలపు వైరస్, కుక్క వైరస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో, చర్మసంబంధమైన కణాలలో మెరుగ్గా వృద్ధి చెందుతుందని 1990లలో తేలింది. కంటికి ఆనని చిన్న గాటుతోనే వ్యాధి ఎలా సోకుతుందో వివరించడానికి ఇది ఒక ఆధారమైంది.

6. వంశం ముఖ్యమా, జాతి ముఖ్యమా?
ముంగిసల ఉదాహరణ ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. 1872లో చెరకుతోటల్లో ఎలుకల బెడద తీర్చడానికి భారతదేశం నుంచి ముంగిసలను జమైకాకు తీసుకువెళ్లారు. అవి కరీబియన్ దీవులలో వ్యాపించాయి. ప్యూర్టోరికోలో వాటిలో తిరుగుతున్న వైరస్ ఐరోపావాసుల కుక్కల వెంట ప్రపంచానికి పాకిన శాఖకు చెందినది. దక్షిణాఫ్రికా ముంగిసల వైరస్ అక్కడి కుక్కల వైరస్ నుంచి స్పష్టంగా వేరైనది. జంతువులు ఒకే కుటుంబానివి, వైరస్‌ల వంశాలు మాత్రం వేరు. కనుక ఆతిథేయి జాతిని మాత్రమే చూసి వైరస్‌ను ఊహించలేం; ఆ వైరస్ ఆ జంతువులోకి ఎప్పుడు, ఎక్కడి నుంచి ప్రవేశించిందన్న చరిత్ర కూడా అవసరం.

ఆ ప్రవేశానికి మానవుడే కారణమైన సందర్భాలు ఉన్నాయి. 1970ల చివర అమెరికా తూర్పుతీరపు మధ్యభాగంలో రకూన్లలో రేబీస్ చెలరేగింది. అది ఆగ్నేయ రాష్ట్రాల రకూన్ వైరస్‌తో సరిపోలింది. వేటకోసం అక్కడి నుంచి రకూన్లను తరలించడమే ఇందుకు కారణమని నిర్ధారించారు.

7. ఆచరణలో ఫలితం:
ఐరోపాలో ఎర్రనక్కల రేబీస్ 1940ల నుంచి పశ్చిమానికి ఏటా 20 నుంచి 60 కిలోమీటర్ల చొప్పున పాకింది. 1978లో స్విట్జర్లాండ్‌లోని రోన్ లోయలో కోడితలలలో టీకామందు ఉంచి నక్కలకు ఎరగా వేశారు. ఆ టీకా మూలం 1935లో అమెరికాలోని అలబామాలో ఒక కుక్క నుంచి సేకరించిన వైరస్. స్విట్జర్లాండ్ 1999లో, ఫ్రాన్స్ 2001లో, జర్మనీ 2008లో నక్కల రేబీస్ నుంచి విముక్తమయ్యాయి. గబ్బిలాలలోని లిస్సావైరస్‌లు మాత్రం అక్కడ మిగిలే ఉన్నాయి. అమెరికా 2007లో కుక్కల రకం అంతరించిందని ప్రకటించింది. గబ్బిలాల, రకూన్ల రకాలు అక్కడా కొనసాగుతున్నాయి. రకాలను వేరుగా గుర్తించగలిగినందువల్లనే ఈ ప్రకటనలకు అర్థం ఏర్పడింది. లేకుంటే గబ్బిలం వల్ల కలిగిన ఒక్క మరణం కుక్కల టీకా కార్యక్రమం మొత్తం విఫలమైనట్లు కనిపించేది.

భారతదేశ పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడి వైరస్‌లలో ధ్రువప్రాంతపు నక్కల వైరస్‌కు దగ్గరైన శాఖ ఒకటి, దక్షిణ భారతం, శ్రీలంకలలో కనిపించే ఉపఖండపు శాఖ మరొకటి ఉన్నాయి. రెండింటికీ నిలయం ప్రధానంగా కుక్కే. ప్రపంచంలో ఏటా సంభవిస్తున్నట్లు అంచనా వేసిన సుమారు 59,000 రేబీస్ మరణాలలో మూడోవంతుకు పైగా ఈ దేశంలోనివే. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడింది.

8. ముగింపు:
• ఆతిథేయి భేదం వల్ల వైరస్ మారుతుందన్న సత్యం 1880లలోనే ప్రయోగశాలలో తెలిసినా, ప్రకృతిలో దానిని కొలవడం 1978 తరువాతే సాధ్యమైంది.
• బ్రెజిల్, ట్రినిడాడ్ అనుభవాలు వ్యాధికి ఒకే జంతువును ప్రతీకగా చేసుకోవడంలోని ప్రమాదాన్ని తెలుపుతున్నాయి.
• వైరస్ వంశాన్ని నిర్ణయించేది ఆతిథేయి జాతి ఒక్కటే కాదు. వలసలు, వాణిజ్యం, వేట వంటి మానవచర్యలూ అందులో పాలుపంచుకున్నాయి.
• మన దేశంలో కుక్క ప్రధాన నిలయం కావడం దుర్భరమే అయినా, అందులో ఒక అవకాశం ఉంది. గబ్బిలాలకు టీకా వేసే మార్గం ఇంకా ఆచరణకు రాలేదు, కుక్కలకు వేయవచ్చు. కుక్కల టీకాతో పాటు ప్రతి రేబీస్ మరణంలోనూ వైరస్ వంశశాఖను నమోదు చేసే ఏర్పాటు ఉంటేనే, నిర్మూలన జరిగిందో లేదో రేపు నిశ్చయంగా చెప్పగలం.