ఉభయపక్ష సంఘం, సభ్యుల సమ్మతి: అమెరికా కార్టర్-బేకర్ ఎన్నికల సంస్కరణ సంఘం (2005) - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

2000 నాటి అధ్యక్ష ఎన్నికల వివాదం తరువాత అమెరికాలో రెండు ప్రధాన పక్షాల ప్రముఖులతో పలు ఎన్నికల సంస్కరణ సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో 2005 నాటి కార్టర్-బేకర్ సంఘం ప్రత్యేకమైనది. ఆ సంఘ సభ్యుల ఎంపిక, వారి మధ్య కుదిరిన ఒడంబడిక, ముగ్గురు సభ్యుల అసమ్మతి, ఆ నివేదికను తరువాతి కాలంలో న్యాయస్థానాలు, పాలకులు వినియోగించుకున్న తీరు ఈ వ్యాసంలో పరిశీలించబడ్డాయి. ఉభయపక్ష సంఘానికి గౌరవం సభ్యుల పేర్ల వల్ల వస్తుందని, ఆ సభ్యులు విధించిన షరతులకు మాత్రం ఆ గౌరవం దక్కదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఎన్నికల సంస్కరణ, ఉభయపక్ష సంఘం, ఓటరు గుర్తింపు, భిన్నాభిప్రాయం, కార్టర్, బేకర్, దినేష్ గోస్వామి కమిటీ.

1. ఉపోద్ఘాతం:

ప్రజాస్వామ్యంలో ఆట నియమాలను ఆటగాళ్లే రాసుకోవలసి రావడం ఒక చిక్కు. ఎన్నికల చట్టాలను చేసేది ఎన్నికల్లో గెలిచినవారే. ఈ చిక్కును దాటడానికి ఆధునిక రాజ్యాలు కనిపెట్టిన ఉపాయాలలో ఉభయపక్ష సంఘం ఒకటి. పరస్పరం పోటీపడే పక్షాలకు చెందిన పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి, వారంతా అంగీకరించిన మాటను నిష్పాక్షికమైన మాటగా స్వీకరించడం దీని వెనుక ఉన్న భావన. ఇటువంటి సంఘాలపై వచ్చిన చర్చ ఎక్కువగా వాటి సిఫారసుల చుట్టూ తిరిగింది. ఆ సిఫారసులు చేసిన సభ్యులెవరు, వారు దేనిని ఇచ్చి దేనిని పుచ్చుకున్నారు అన్న ప్రశ్నలకు దక్కిన శ్రద్ధ తక్కువ.

2. సంఘం పుట్టుక:

2000 నవంబరులో ఫ్లోరిడా రాష్ట్రంలో జార్జి డబ్ల్యూ. బుష్, అల్ గోర్‌ల మధ్య తేడా 537 ఓట్లు. సగం తెగి వేలాడే కాగితపు ముక్కలు, గందరగోళపు బ్యాలెట్ పత్రాలు, జాబితాలో పేరు కనిపించని ఓటర్లు ఆ దేశ ఎన్నికల యంత్రాంగం ఎంత పాతబడిందో బయటపెట్టాయి. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో ఓట్ల పునర్లెక్కింపు ఆగిపోయింది.

2001లో మాజీ అధ్యక్షులు జిమ్మీ కార్టర్, జెరాల్డ్ ఫోర్డ్‌లు గౌరవాధ్యక్షులుగా ఒక జాతీయ సంఘం పనిచేసింది. దాని నివేదిక 2001 జూలై 31న అధ్యక్షుడు బుష్ చేతికి అందింది. 2002 అక్టోబరులో వచ్చిన 'హెల్ప్ అమెరికా వోట్' చట్టానికి ఆ నివేదిక ఒక ముఖ్యమైన ప్రేరణ. ఆ చట్టం ద్వారా నలుగురు సభ్యుల ఎన్నికల సహాయక సంఘం ఏర్పడింది. అయినా 2004 ఎన్నికలు కొత్త ఫిర్యాదులను తెచ్చాయి. ఒక పక్షం ఓటర్లను అడ్డుకుంటున్నారని, మరొక పక్షం దొంగ ఓట్లు పడుతున్నాయని వాదించాయి. ఈ నేపథ్యంలో అమెరికన్ యూనివర్సిటీ నిర్వహణలో 2005లో కార్టర్-బేకర్ సంఘం ఏర్పడింది. ఇది ప్రభుత్వం నియమించినది కాదు. దీనికి శాసనాధికారం లేదు. కనుక దీని బలమంతా సభ్యుల ప్రతిష్ఠే.

3. సభ్యుల కూర్పు:

సంఘంలో 21 మంది సభ్యులు. సహాధ్యక్షుల ఎంపికే ఒక సంకేతం. డెమోక్రటిక్ పక్షానికి చెందిన కార్టర్ అనేక దేశాల్లో ఎన్నికలను పరిశీలించిన వ్యక్తి. స్వేచ్ఛాయుత ఎన్నికలకు కావలసిన కనీస అంతర్జాతీయ ప్రమాణాలు ఫ్లోరిడాలో లేవని 2004లో బహిరంగంగా రాసినవారు. రిపబ్లికన్ పక్షానికి చెందిన జేమ్స్ బేకర్ విదేశాంగ మంత్రిగా పనిచేసినవారు. 2000లో ఫ్లోరిడాలో బుష్ పక్షాన న్యాయపోరాటాన్ని నడిపినవారు. ఒకే ఎన్నికను రెండు దరుల నుంచి చూసిన ఇద్దరు ఒక నివేదికపై సంతకం చేస్తే, ఆ సంతకాలకు ఎంతో విలువ ఉంటుంది.

మిగిలిన సభ్యులను స్థూలంగా నాలుగు వర్గాలుగా చూడవచ్చు. మొదటి వర్గం మాజీ శాసనకర్తలది. సెనేట్‌లో డెమోక్రటిక్ నాయకుడిగా ఉండి 2004లో ఓడిన టామ్ డాష్ల్, ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడిగా పనిచేసిన బాబ్ మైకేల్, లీ హామిల్టన్, సూసన్ మోలినారి ఇందులోనివారు. రెండవ వర్గం ఎన్నికలను రాష్ట్రస్థాయిలో నిర్వహించినవారిది. వాషింగ్టన్ రాష్ట్ర మాజీ కార్యదర్శి రాల్ఫ్ మన్రో, అర్కాన్సా మాజీ కార్యదర్శి షారన్ ప్రీస్ట్ ఇందుకు ఉదాహరణలు. మూడవ వర్గం న్యాయవేత్తలది: టెక్సస్ మాజీ ప్రధాన న్యాయమూర్తి టామ్ ఫిలిప్స్, ఆచార్యులు నెల్సన్ లండ్, స్పెన్సర్ ఓవర్టన్. నాలుగవది పౌరసమాజానికి, పత్రికారంగానికి, విద్యారంగానికి చెందినవారిది. హిస్పానిక్ ప్రజల సంస్థకు దీర్ఘకాలం నాయకత్వం వహించిన రౌల్ ఇజాగిర్రే, పాత్రికేయుడు జాక్ నెల్సన్ ఈ వర్గానికి చెందుతారు.

ఈ కూర్పులో పదవీ విరమణ చేసినవారిదే పైచేయి. దాని వల్ల ఒక మేలు, ఒక లోపం కలిగాయి. మళ్లీ ఓట్లు అడగవలసిన అవసరం లేనివారు రాజీకి సిద్ధపడగలరు. అయితే తాము కుదుర్చుకున్న రాజీని చట్టసభల్లో నిలబెట్టే అధికారం కూడా వారికి ఉండదు. నివేదిక తరువాతి చరిత్ర ఈ రెండవ అంశాన్నే రుజువు చేసింది.

4. నివేదికలోని ఒడంబడిక:

ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోను, జూన్‌లో హ్యూస్టన్‌లోను బహిరంగ విచారణలు జరిపి, 2005 సెప్టెంబరు 19న సంఘం తన నివేదికను వెలువరించింది. అందులో 87 సిఫారసులు ఉన్నాయి. ఓటింగ్ యంత్రాలకు కాగితపు ఆధారం ఉండాలని, రాష్ట్రాల ఓటర్ల జాబితాలు ఒకదానితో ఒకటి అనుసంధానం కావాలని, ఎన్నికల నిర్వహణను పక్షాలకు అతీతమైన అధికారులకు అప్పగించాలని, శిక్ష పూర్తిచేసుకున్న చాలామంది నేరస్థులకు ఓటు హక్కును తిరిగి ఇవ్వాలని అది కోరింది.

వీటన్నిటి నడుమ కీలకమైన ఒడంబడిక ఒకటుంది. ఓటు వేయడానికి ఫోటో గుర్తింపు పత్రం చూపాలన్నది రిపబ్లికన్లు చాలాకాలంగా కోరుతున్నది. ఓటర్ల నమోదు బాధ్యతను పౌరుని మీద వదలక ప్రభుత్వమే స్వీకరించాలన్నది డెమోక్రాట్ల వాదన. నివేదిక ఈ రెండింటినీ ముడివేసింది. గుర్తింపు పత్రం తప్పనిసరి కావాలి. కాని అది ఉచితంగా, అందుబాటులో లభించాలి. వాహన చోదక అనుమతి లేనివారిని ప్రభుత్వమే వెతికి వారికి పత్రాలివ్వాలి, వారిని జాబితాలో చేర్చాలి. ఈ నియమం ఒక్కసారిగా కాక రెండు ఎన్నికల కాలవ్యవధిలో క్రమంగా అమలులోకి రావాలి. అంటే ఇది ఒకే వాక్యంలోని రెండు భాగాలు. ఒక భాగాన్ని తీసివేస్తే రెండవ దాని అర్థం మారిపోతుంది.

5. ముగ్గురి అసమ్మతి:

గుర్తింపు పత్రం సిఫారసును 18 మంది సమర్థించగా ముగ్గురు వ్యతిరేకించారు. వారు డాష్ల్, ఇజాగిర్రే, ఓవర్టన్. పత్రం లేని కారణంగా ఎందరు అర్హులైన ఓటర్లు వెనుదిరగవలసి వస్తుందో, పోలింగు కేంద్రంలో మరొకరి పేరుతో వేసిన ఓట్లు నిజంగా ఎన్నో తేల్చకుండా ఇంత పెద్ద నియమాన్ని సూచించడం తగదన్నది ఓవర్టన్ వాదన సారాంశం. పేదలు, వృద్ధులు, అల్పసంఖ్యాక వర్గాల వారిపై ఈ భారం ఎక్కువగా పడుతుందన్నది అసమ్మతి తెలిపినవారి ఆందోళన.

ఇక్కడ ఒక చిన్న నియమం పెద్ద ప్రభావం చూపింది. నివేదికలో భిన్నాభిప్రాయానికి 250 పదాల పరిమితి విధించారు. ఓవర్టన్ తన పూర్తి వాదనను విడిగా అంతర్జాలంలో ప్రచురించవలసి వచ్చింది. న్యాయస్థానాల సంప్రదాయంలో భిన్నాభిప్రాయం తీర్పుతోపాటే సంపూర్ణంగా నమోదవుతుంది. తరువాతి తరం దానిని తిరగేసి చదవగలదు. ఏకాభిప్రాయాన్ని ప్రదర్శించవలసిన సంఘానికి అసమ్మతి ఇబ్బందికరం. కాని చరిత్రకారునికి అసమ్మతి పత్రమే విలువైన ఆధారం. సభ్యులు ఏ విషయంలో ఆధారాలను బట్టి, ఏ విషయంలో రాజీని బట్టి నిర్ణయానికి వచ్చారో అదే తెలుపుతుంది.

6. న్యాయస్థానంలో నివేదిక:

ఇండియానా రాష్ట్రం ఫోటో గుర్తింపు చట్టాన్ని 2005 వసంతకాలంలోనే చేసింది. అప్పటికి కార్టర్-బేకర్ నివేదిక వెలువడలేదు. కనుక నివేదిక చూసి చట్టం వచ్చిందనడం కాలక్రమానికి విరుద్ధం. అయితే ఆ చట్టాన్ని సవాలు చేసిన క్రాఫర్డ్ కేసులో 2008 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 6-3 తేడాతో చట్టాన్ని సమర్థించినప్పుడు, ప్రధానాభిప్రాయం రాసిన న్యాయమూర్తి స్టీవెన్స్ ఈ నివేదికను ప్రముఖంగా ఆధారం చేసుకున్నారు. ఇండియానాలో పోలింగు కేంద్రం వద్ద మారుపేరుతో ఓటు వేసిన ఉదంతం ఒక్కటీ రికార్డులో లేదని అదే అభిప్రాయం అంగీకరించింది. ఆధారం లేని చోటును సంఘ సభ్యుల ప్రతిష్ఠ కొంతవరకు పూరించింది.

భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బ్రయర్ సరిగ్గా ఈ విషయాన్నే ఎత్తిచూపారు. సంఘం తన సిఫారసుకు ఉచిత పంపిణీ, క్రమానుగత అమలు అన్న షరతులు పెట్టిందని, ఇండియానా వాటిని పాటించలేదని ఆయన గుర్తుచేశారు. ఒకే నివేదిక తీర్పులో ఇరువైపులా సాక్ష్యమైంది. గెలిచిన పక్షం సిఫారసును చదివింది, ఓడిన పక్షం షరతును చదివింది.

2020లో ఇదే మళ్లీ జరిగింది. తపాలా ద్వారా, గైరుహాజరుగా వేసే ఓట్లలో మోసానికి అవకాశం ఎక్కువని నివేదిక హెచ్చరించింది. అధ్యక్ష ఎన్నికల వేళ తపాలా ఓటింగును వ్యతిరేకించినవారు ఆ హెచ్చరికను విరివిగా ఉదాహరించారు. తగిన జాగ్రత్తలతో ఓరెగాన్ రాష్ట్రం పెద్ద మోసాలు లేకుండానే తపాలా ఎన్నికలు నడిపినట్లు కనిపిస్తోందన్న మాట కూడా ఆ నివేదికలోనిదే. కార్టర్ స్వయంగా 2020లో తపాలా ఓటింగును విస్తరించాలని కోరారు. అయినా సహాధ్యక్షుని సజీవ స్వరం కంటే పదిహేనేళ్ల నాటి ఆయన సంతకమే ఎక్కువగా వినిపించింది.

7. తరువాతి రెండు సంఘాలు:

2013లో అధ్యక్షుడు ఒబామా నియమించిన సంఘానికి రాబర్ట్ బావర్, బెంజమిన్ గిన్స్‌బర్గ్ సహాధ్యక్షులు. 2012 ఎన్నికల్లో వీరు ఒకరు ఒబామాకు, మరొకరు రోమ్నీకి న్యాయ సలహాదారులు. సభ్యులలో మాత్రం ఎన్నికలను రోజువారీగా నడిపిన స్థానిక, రాష్ట్ర అధికారులకు, క్యూలను నిర్వహించడంలో అనుభవమున్న సంస్థల వారికి చోటు దక్కింది. గుర్తింపు పత్రం వంటి వివాదాల జోలికి పోక, నిర్వహణకే పరిమితమై, ఏ ఓటరూ అరగంటకు మించి వేచి ఉండకూడదన్న ప్రమాణాన్ని 2014 జనవరిలో ఏకగ్రీవంగా ప్రతిపాదించింది.

2017లో అధ్యక్షుడు ట్రంప్ నియమించిన సంఘానికి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ అధ్యక్షుడు, క్రిస్ కోబాక్ ఉపాధ్యక్షుడు. సభ్యులలో ఇరుపక్షాల వారూ ఉన్నారు. కాని డెమోక్రటిక్ సభ్యుడు, మెయిన్ రాష్ట్ర కార్యదర్శి మాథ్యూ డన్‌లాప్ తాను సభ్యుడిగా ఉన్న సంఘపు పత్రాలే తనకు అందడం లేదంటూ న్యాయస్థానానికి వెళ్లారు. డిసెంబరులో ఆయనకు అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. 2018 జనవరి 3న సంఘం రద్దయింది. నివేదిక వెలువడలేదు. సభ్యుల జాబితాలో రెండు పక్షాలు ఉన్నంత మాత్రాన సంఘం ఉభయపక్షం కాదని ఈ ఉదంతం తెలుపుతోంది.

8. భారతీయ అనుభవంతో పోలిక:

మన దేశంలో 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం నియమించిన దినేష్ గోస్వామి కమిటీ దీనికి దగ్గరి పోలిక. ఎల్.కె. అద్వానీ, సోమనాథ్ ఛటర్జీ, హెచ్.కె.ఎల్. భగత్, ఎరా సెళియన్ వంటి భిన్న పక్షాల వారితోపాటు తెలుగువారైన వి. కిశోర్ చంద్రదేవ్ కూడా అందులో సభ్యులు. ఒక అభ్యర్థి రెండు నియోజకవర్గాలకు మించి పోటీ చేయరాదన్న సూచన 1996 సవరణతో చట్టమైంది. అభ్యర్థులకు ప్రభుత్వం పరిమితంగా వస్తురూపంలో సహాయం చేయాలన్న సూచన మాత్రం ఆ రూపంలో అమలుకు నోచుకోలేదు. పాలకులకు భారం కాని భాగం ముందుకు సాగి, ఖర్చుతో కూడిన భాగం వెనుకబడడం ఇక్కడా కనిపిస్తుంది.

ఒక భేదం గమనార్హం. 1993 నుంచి మన దేశంలో ఫోటో గుర్తింపు కార్డులను ప్రవేశపెట్టిన ఎన్నికల సంఘమే సిబ్బందిని ఇంటింటికీ పంపి ఓటర్ల జాబితాలను తయారు చేయించే సంస్థ కూడా. కార్డు లేనివారికి ఇతర పత్రాలను అనుమతించినదీ అదే. కార్టర్-బేకర్ సభ్యులు ముడివేయదలచిన రెండు బాధ్యతలు ఇక్కడ ఒకే రాజ్యాంగబద్ధ సంస్థ చేతిలో ఉన్నాయి. అమెరికాలో అవి యాభై రాష్ట్రాల శాసనసభల చేతిలో ఉన్నాయి. అందువల్లనే ముడి సులభంగా విడిపోయింది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఉభయపక్ష సంఘం ఇచ్చేది తీర్పు కాదు, ఒప్పందం. ఒప్పందంలో భాగాలు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. రెండు, సభ్యులు చెదిరిపోయిన తరువాత ఆ ఒప్పందాన్ని కాపాడే వ్యవస్థ లేకపోతే ఎవరికి కావలసిన భాగాన్ని వారు తీసుకుంటారు. మూడు, భిన్నాభిప్రాయాన్ని కుదించిన నివేదిక తన భవిష్యత్ దుర్వినియోగానికి విరుగుడును తానే తగ్గించుకుంటుంది. పత్రం లేక పోలింగు కేంద్రం నుంచి వెనుదిరిగే ఓటరు దృష్టిలో సిఫారసు చేసినవారి కీర్తికి విలువ లేదు. వారు పెట్టిన షరతు అమలైందా లేదా అన్నదే ముఖ్యం. ఎన్నికల సంస్కరణ సంఘాల చరిత్రను రాసేవారు సిఫారసుల పట్టికతోపాటు సభ్యుల షరతులను, అసమ్మతులను సమానంగా నమోదు చేయవలసిన అవసరం ఇందువల్లనే ఉంది.