ఎర్ర గడ్డం కథ

మా అనంతపురం పాతూరులో తిరిగితే గోరింటాకు పెట్టిన ఎర్ర గడ్డాలు కనబడతాయి. కుర్రాళ్ళు నవ్వుకుంటారు గానీ, దాని చరిత్ర చాలా పాతదండీ. 3200 ఏళ్ళ కిందటి ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ మమ్మీ జుట్టుకీ గోరింటాకు రంగే! నెరిసిన జుట్టుకు రంగు వేసుకోమని హదీసుల్లో ఉంది. ముస్లిం పెద్దలకు అలా ఆనవాయితీ అయింది.

ఆకులోని లాసోన్ వెంట్రుకలోని కెరటిన్‌ని పట్టుకుంటుంది, అంతే లాజిక్కు. నెలకో సెంటీమీటరు తెల్లగా మొలుస్తుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పెట్టాల్సిందే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా నేలలోనూ ఆ మొక్క బతుకుతుంది.

ఇప్పుడేమో నల్ల మెహందీ ప్యాకెట్లు. ఒట్టి గోరింటాకుతో నలుపు రాదు. చాలావాటిలో పీపీడీ అనే రసాయనం కలుపుతారు, అది పడనివాళ్ళకు మొహం వాచిపోతుంది. కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి. నా ఓటు మాత్రం ఎర్ర గడ్డానికే!