కామారెడ్డి, ఎల్లారెడ్డి: ఓటరు వివేచన

పక్షాభిమానమునకు లొంగక, జరిగినదానిని జరిగినట్లు చూచి తీర్పు చెప్పుట విద్యావంతులకే సాధ్యమని తలచువారు కామారెడ్డి, ఎల్లారెడ్డి నియోజకవర్గముల ఇటీవలి చరిత్రను ఒకమారు పరిశీలింపవలెను.

2009లో తెలుగుదేశము పక్షమున కామారెడ్డిలో గెలిచిన గంప గోవర్ధన్, ప్రత్యేక రాష్ట్రోద్యమము ఉద్ధృతముగా నున్న కాలమున ఆ పక్షమును వీడి, పదవికి రాజీనామా చేసి, 2012 ఉపయెన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా మరల ప్రజల యెదుట నిలువగా, వారు ఆయననే గెలిపించిరి. ఎల్లారెడ్డి కథ వేరు. 2018లో సమితి 119 స్థానములలో 88 గెలుచుకొన్నను, ఆ గాలికి ఎదురు నిలిచి ఎల్లారెడ్డి కాంగ్రెసు అభ్యర్థి జాజాల సురేందర్‌ను ఎన్నుకొనెను. మరుసటి యేడు సమితిలో విలీనమైన పండ్రెండుగురు కాంగ్రెసు శాసనసభ్యులలో ఆయనయు నొకడు. రాజీనామా లేదు, ఉపయెన్నిక లేదు. 2023లో ఓటరులు ఆయనను కాదని, కాంగ్రెసు అభ్యర్థి మదన్‌మోహన్‌రావునే గెలిపించిరి. పక్షము మారుటయే దోషమైనచో 2012లో కామారెడ్డి తీర్పు మరొక విధముగా నుండవలసినది. అడిగి మారినవానికిని, అడుగక మారినవానికిని గల భేదమును ఓటరు గుర్తించెనని నా యభిప్రాయము.

కామారెడ్డి పురపాలక సంఘపు ముసాయిదా మాస్టర్‌ప్లాను బయటికి రాగా, అడ్లూరు ఎల్లారెడ్డి, ఇల్చిపూర్ మున్నగు గ్రామముల రైతులు, తాము సాగుచేయుచున్న పొలములు పారిశ్రామిక మండలములో చేరియుండుట చూచి, 2023 జనవరిలో కలెక్టరు కార్యాలయము నెదుట ఆందోళనకు దిగిరి. పటములో తన సర్వే నంబరును వెదకి పట్టుకొన్న రైతును ఉపన్యాసములతో సమాధానపఱచుట యెవరి తరము? జనవరి 20న పురపాలక సభ ఆ ముసాయిదాను రద్దు చేయ తీర్మానించెను.

ఆ యేడు నవంబరు 30న జరిగిన శాసనసభ పోలింగునకు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావును, అప్పటి కాంగ్రెసు రాష్ట్రాధ్యక్షుడు రేవంత్‌రెడ్డియు స్వయముగా కామారెడ్డిలో పోటీకి నిలువగా, రైతుల యాందోళనలో పాల్గొనిన స్థానికుడు, భారతీయ జనతా పక్ష అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. మాస్టర్‌ప్లాను కోపమే ఈ ఫలితమునకు ఏకైక కారణమనుట తొందరపాటగును. ఆ నాయకులిరువురును క్రమముగా గజ్వేలులోను, కొడంగల్లులోను కూడ నిలిచియుండుటచే, గెలిచినను కామారెడ్డిని నిలుపుకొందురా యను శంక సహజము. అయినను పెద్దపేర్లకు లోబడి ఈ ఊరు ఓటు వేయలేదనుట స్పష్టము.

ఆనాటి ఫలితములలో కామారెడ్డి జిల్లాయందలి నాలుగు స్థానములలో ఎల్లారెడ్డి, జుక్కల్ కాంగ్రెసునకును, బాన్సువాడ భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన తెలంగాణ రాష్ట్ర సమితికిని, కామారెడ్డి భారతీయ జనతా పక్షమునకును దక్కెను.