మోటారు బ్యాటరీపై నీలాపనింద



వినాయకచవితినాడు శమంతకోపాఖ్యానము వినని యిల్లు మన పల్లెలలో నుండదు. మణి పోయిన జాడ వెదకక మనుష్యునిపై నింద మోపిన నేమగునో యా కథ తెలుపుచున్నది. నేడు నేను ముచ్చటింపబోవునది యట్టి నీలాపనిందను గూర్చియే. ఇచ్చట నింద మోయునది మోటారుకారులోని బ్యాటరీ. కారు లేవనిచో బ్యాటరీ పోయినదనుట లోకాచారమైనది. అది యెంతవఱకు నిజమో చరిత్రనుబట్టి విచారింతము.

1975వ సంవత్సరమున నేను పదునైదేండ్లవాడను. తెనాలి దాపుననున్న మా గ్రామమున మా పెదతండ్రిగారికొక పాత యంబాసిడరు కారుండెను. ఆ వేసవిలో నది యుదయమున సెల్ఫుతో లేచుట మానెను. హ్యాండిలు త్రిప్పవలసి వచ్చెడిది. పెదతండ్రిగారు క్రొత్త బ్యాటరీ కొనిరి. మూడు వారములలో నదియు దిగిపోయెను. అంతట వారు, డిస్టిల్డు వాటరు సరిగా పోయుటలేదని డ్రైవరును నిందించి పనినుండి తొలగించిరి. "నా తప్పేమీ లేదండి, అయ్యగారూ" అని మాత్రమే పలికి, తాళపుచెవి యరుగుపై నుంచి యతడు వెడలిపోయెను. ఈ కథ ముగింపు చెప్పుటకు ముందు, కారులోనికి విద్యుత్తు వచ్చిన విధము చెప్పవలసియున్నది.

తొలినాటి కార్లలో నీ చిక్కు లేదు. ఏలయన ఛార్జింగే లేదు. ఇంజనును హ్యాండిలుతో ద్రిప్పి లేపెడివారు. దీపములకు కార్బైడు గ్యాసో కిరసనాయిలో వాడెడివారు. హ్యాండిలు వెనుకకు తన్నినచో మణికట్టు విఱిగెడిది. ఈ బాధను బాపుటకై అమెరికాలో చార్లెసు కెటరింగు విద్యుత్తుతో నింజనును లేపు సాధనమును నిర్మించెను. అది 1912వ సంవత్సరపు కాడిలాకు కారులో వెలువడెను. దానికి మూలమైన విద్యలు పాతవే. అయస్కాంతము చెంత తీగచుట్టను ద్రిప్పిన విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లో కనుగొనెను. మఱల మఱల నింపదగిన సీసపు బ్యాటరీని ప్లాంటే 1859లో చేసెను. కెటరింగు సాధనములో నొకే యంత్రము మొదట మోటారై యింజనును ద్రిప్పి, పిదప డైనమోయై బ్యాటరీని నింపెడిది.

నాటినుండి కారులో నొక సంసారము వెలసెను. బ్యాటరీ గాదె, డైనమో తెచ్చునది పంట, దీపములు, హారను, సెల్ఫు చేయునది ఖర్చు. గాదె ఖాళీయైనచో గృహస్థుడు గాదెను మార్చునా? పంట యింటికి వచ్చెనా, దారిలో నొలికెనా, ఎలుకలు తినెనా యని చూచును. మోటారు విషయములో మాత్రము మనము గాదెనే మార్చుచున్నాము.

ఈ సంసారమునకు కట్టుబాటు వెంటనే కుదురలేదు. తొలి డైనమోలలో మూడవ బ్రష్షుతో విద్యుత్తును మితపఱచు పద్ధతి యుండెను. అందు బ్యాటరీ నిండినను డైనమో పోయుట మానదు. కావున పగటివేళ దూరము పోవువారు, బ్యాటరీ చెడకుండుటకై పట్టపగలే దీపములు వెలిగించుట గలదు. పిదప వోల్టేజీ రెగ్యులేటరు వచ్చి యవసరమునుబట్టి విద్యుత్తు నిచ్చెను. దాని చెంతనే కటౌటు అను ద్వారపాలకుడుండెను. ఇంజను నిలిచినపుడు బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి వెనుకకు పాఱకుండ నడ్డగించుట దాని పని. రాకపోకలు తెలుపుటకు ఆమీటరును, తరువాత నెఱ్ఱ దీపమును అమర్చిరి.

ఇక మా కారు కథకు వత్తము. పట్టణమునందలి యొక వృద్ధ ఎలక్ట్రీషియను బ్యాటరీని ముట్టనేలేదు; మూడు ప్రశ్నలడిగెను. "పగలు తిరిగిన మర్నాడు లేవటంలేదా, రాత్రి తిరిగిన మర్నాడా?" రాత్రి తిరిగిన మఱునాడే. "లైట్లు వేస్తే ఎర్రదీపం మినుకుమంటోందా?" డ్రైవరట్లు చెప్పియుండెను; మేము వినలేదు. "ఇంజను నీళ్లు మరుగుతున్నాయా?" ఔను. అతడు బొటనవ్రేలితో బెల్టు నొక్కి చూచెను. నూనె త్రాగి, వదులై, అది జాఱుచుండెను. ఆ బెల్టే డైనమోను, ఫ్యానును, నీటిపంపును ద్రిప్పునది. దీపముల బరువు పడగానే బెల్టు జాఱి డైనమో మందగించెడిది. రెండు కార్యములకొకే కారణము చాలునపుడు రెంటిని కల్పింపరాదని మా గురువులు తర్కములో లాఘవమును బోధించిరి. ఆ ముదుసలి తర్కసంగ్రహము చదివినవాడు కాడు. అయినను ఆ న్యాయము నెఱుగును.

తదనంతరము యంత్రము మాఱినది. డైనమో ఇంజను మెల్లగా తిరుగునపుడు చాలినంత విద్యుత్తు నీయలేదు. సిలికాను డయోడులు వచ్చిన పిమ్మట ఆల్టర్నేటరు సాధ్యమయ్యెను; దానిలో పుట్టిన యటునిటు మాఱు ప్రవాహమును డయోడులు ఏకముఖము చేయును. 1960వ సంవత్సరపు నమూనాయైన క్రైస్లరు వారి వాలియంటు కారులో నిది చేరినది. నేటి కార్లలో నిదియే సామాన్యము.

ఇచ్చట నొక హెచ్చరిక. డైనమో కాలపు మేస్త్రీలు కొందఱు, ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ నూడదీసి, ఇంజను నిలువనిచో ఛార్జింగు బాగున్నదనెడివారు. ఆల్టర్నేటరున్న కారులో నట్లు చేసిన వోల్టేజీ యొక్కసారిగా లేచి డయోడులు మాడవచ్చును. పాత పరీక్ష క్రొత్త యంత్రమునకు విషము.

కావున క్రమము తప్పక చూడవలెను. మొదట ఇంజను నాపి బెల్టు చూడుడు. పిమ్మట బ్యాటరీ మొనలయందు తెల్లని తుప్పును, ఎర్తు తీగ బిగువును చూడుడు. అటుపిమ్మట వోల్టుమీటరు పెట్టుడు. నిండిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 చూపును. ఇంజను నడచునపుడు 13.8 మొదలు 14.5 వఱకు సాధారణముగా నుండవలెను. కంప్యూటరుతో నడచు కొన్ని క్రొత్త కార్లలో నీ యంకె మాఱుచుండును. ఏమియు పెఱుగనిచో లోపము ఆల్టర్నేటరులోనో రెగ్యులేటరులోనో దాని తీగలలోనో యున్నది. 15 దాటినచో రెగ్యులేటరును శంకింపవలెను. రాబడి సరిగానున్నను రాత్రికి రాత్రి దిగిపోయినచో, డిక్కీలో దీపమేదైన వెలుగుచున్నదేమో చూడుడు. ఇవన్నియు సరిపోయినపుడే బ్యాటరీకి ముసలితనము వచ్చినదనుడు.

క్రొత్త బెల్టు వేసిన మఱునాడు మా కారు సెల్ఫుతో లేచెను. పెదతండ్రిగారు డ్రైవరుకు కబురంపిరి. అతడప్పటికే లారీపై కుదిరెనట, రాలేదు. పిదప వారే యతని యింటికి పోయి, నిలువబడియే క్షమాపణ చెప్పుకొనిరి. నేను వారి వెంటనుంటిని. అతడు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "బెల్టు ఏ సైజు వేశారండి?" అని మాత్రమడిగెను.