కంపెనీ దొరల భాషాభ్యాసము

హౌరా నుండి తెలుగుదేశమునకు వచ్చు రైలుబండి కొంతసేపటికే సంత్రాగాఛిని దాటును. దానికి తూర్పున హుగ్లీ నది. ఎగువను శ్రీరాంపురము, ఆవలి యొడ్డున ఫోర్టు విలియము. ఆంగ్ల యువకులు భారతీయ భాషలను పూనికతో అభ్యసించిన కాలమునకు ఈ నదీతీరమే ముఖ్యరంగము.

1800లో వెల్లస్లీ ఫోర్టు విలియము కళాశాలను స్థాపించెను. పదునారు, పదునెనిమిదేండ్ల ప్రాయమున ఓడ దిగు రైటర్లు కొలదికాలములోనే పన్నులు వసూలు చేయవలెను, తగవులు తీర్చవలెను. కక్షిదారుని మాట తెలియని న్యాయాధిపతి దుబాసీ చేతిలో కీలుబొమ్మ. ఈ భయమే కళాశాలకు మూలము గాని భాషాభిమానము కాదు. గిల్‌క్రిస్టు హిందుస్తానీ చెప్పెను. 1801లో చేరిన కేరీ వంగభాష చెప్పెను. చదివించుటకు వచన గ్రంథములు చాలనందున మున్షీలచేతను, పండితులచేతను వ్రాయించిరి. రామరామ బసు, మృత్యుంజయ విద్యాలంకారుడు, లల్లూలాల్, మీర్ అమ్మన్ అట్లు వ్రాసినవారే. వారి జీతము ఆచార్యుల జీతములో స్వల్పభాగము. శిష్యులలో పెక్కుమంది పేర్లు మరుగుపడినవి. ఆ పాఠ్యగ్రంథములు మాత్రము వంగ, హిందీ, ఉర్దూ వచనములకు పునాదిరాళ్ళయినవి.

మన భాషకును ఇందు పాలు కలదు. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో శ్రీరాంపురమున వెలువడెను. 1812లో ఎల్లిస్ ప్రోత్సాహమున మద్రాసులో సెంటు జార్జి కోట కళాశాల ఏర్పడెను. కాంబెల్ తెలుగు వ్యాకరణము (1816) అచ్చటి ఫలమే. 1817లో మద్రాసు చేరిన బ్రౌను ఉద్యోగముకొరకు మొదలిడిన చదువును విడువలేకపోయెను. కడపలో సొంత సొమ్ముతో పండితులను పోషించెను. 1829లో వేమన పద్యములను, 1852లో నిఘంటువును ప్రకటించెను. కాని అందరును బ్రౌనులు కారు. పలువురికి పరీక్ష ముగియుటతో పుస్తకమును మూతపడెడిది.

1835 తరువాత గాలి మారెను. ఇంగ్లీషు నేర్చిన గుమాస్తాలు దొరకుచుండగా దొరకు దేశభాష శ్రమగా తోచెను. 1854లో ఫోర్టు విలియము కళాశాల రద్దయ్యెను. అదే యేట మెకాలే సంఘము సివిల్ సర్వీసు పోటీపరీక్షకు సూచించిన మార్కులను చూడుడు: గ్రీకుకు 750, సంస్కృతమునకు 375! ఎంపికైన పిదప దేశభాషా పరీక్షలు నిలిచినమాట నిజమే. ప్రవేశద్వారమున మాత్రము వానికి పీట తగ్గినది. రైటర్లకు ఇంగ్లండులో శిక్షణనిచ్చిన హెయిలీబరీ కళాశాల 1858లో మూతపడెను.

ఇంటికి తిరిగి వెళ్ళిన బ్రౌను 1865లో లండను యూనివర్సిటీ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను. అదే ఇంగ్లండులో 2004 నుండి పదునాలుగేండ్లు దాటిన విద్యార్థికి పరభాష నిర్బంధము కాదు. తరువాత అచ్చటి విశ్వవిద్యాలయములు కొన్ని తమ భాషాశాఖలనే మూసివేసినవి.