ఓదార్పు కూడ నేర్వవలసిన విద్యే

మాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. మనస్సుకు తగిలే దెబ్బలను గూర్చి వ్రాయుటకు మాకు గల అర్హత ఒక్కటే: ఒకనాడు ఒక పెద్దాయనను ఓదార్చబోయి, చేతకాక నిలబడిపోయినాము.

2023 జూన్ 2వ తేదీ సాయంత్రము ఒడిశాలోని బహానగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదములో 290 మందికి పైగా మరణించిన సంగతి మన పాఠకులెవ్వరూ మరచి యుండరు. మరునాడు తెలుగు తెలిసిన మనిషి కావలెనని మమ్ములను ఒక సహాయ కౌంటరులో కూర్చోబెట్టినారు. శ్రీకాకుళం వైపు నుండి ఒక పెద్దాయన వచ్చి, “మావోడి పేరు సూడు బాబూ” అన్నాడు. జాబితాలో ఆ పేరు లేదు. ఆయన బల్ల పట్టుకొని ఏడ్చినాడు. “ఏడవకండి తాతా, ధైర్యంగా ఉండండి, ఏమీ కాదు” అన్నాము. ఆయన మా వంక ఒకసారి చూచి, కండువాతో ముఖము తుడుచుకొని వెళ్లిపోయినాడు. ఆ మూడు మాటలూ తప్పేనని తరువాత పుస్తకములు చూచి తెలిసికొన్నాము. ఆ తెలిసినదే ఇక్కడ మనవి చేయుచున్నాము.

విచిత్రమేమనగా, ఈ విద్య చరిత్రలో తొలి అధ్యాయములలో ఒకటి మా రైలు పట్టాల మీదనే మొదలైనది. 1865 జూన్ 9న ఇంగ్లండులోని స్టేపిల్‌హర్స్ట్ వద్ద వంతెన మరమ్మతు కొరకు పట్టాలు తీసియుంచగా, పనివారి మేస్త్రీ టైంటేబిలును పొరపాటుగా చదువుటచే బండి వచ్చి పడినది. పదిమంది మరణించినారు. ఆ బండిలో సుప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఉన్నాడు. ఆయనకు పెద్ద గాయము లేదు. టోపీతో నీళ్లు తెచ్చి క్షతగాత్రులకు ఉపచారము కూడ చేసినాడు. కాని ఆనాటి నుండి రైలెక్కినప్పుడు ఉన్నట్టుండి భయము ఆవహించేది. సరిగా అయిదేండ్లకు, 1870లో అదే జూన్ 9న, కన్నుమూసినాడు.

అట్టివారు నాడెందరో ఉండిరి. దేహమున గాయము కనబడదు, నిద్ర రాదు, చేతులు వణకును. 1866లో ఎరిక్సన్ అను లండను శస్త్రవైద్యుడు ఇది వెన్నెముక అదురుట వలన వచ్చినదన్నాడు. జనము దీనికి “రైల్వే వెన్ను” అని పేరు పెట్టినారు. 1883లో హెర్బర్ట్ పేజ్ అను మరియొక వైద్యుడు, కాదు, భయమొక్కటే ఇంత చేయగలదన్నాడు. ఈయన ఒక రైల్వే కంపెనీ వైద్యుడే. నష్టపరిహారపు వ్యాజ్యముల నడుమ పుట్టిన వాదమైనను, మనస్సుకు దెబ్బ తగులుననే మాట అట్లు బయటపడినది.

దెబ్బ తగులునని తెలిసిన తరువాత ఏమి చేయవలెను? మొదటి ప్రపంచ యుద్ధములో ఫిరంగుల మ్రోతకు చలించిన సైనికులను దూరపు ఆసుపత్రులకు పంపక, దగ్గరనే, వెంటనే, నయమగునను నమ్మకము కలిగించుచు చూచినచో త్వరగా కోలుకొందురని సైనిక వైద్యులు గ్రహించినారు. తరువాత 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టను నగరములో కోకోనట్ గ్రోవ్ అను వినోదశాల అగ్నికి ఆహుతియై 492 మంది మరణించినారు. బ్రతికినవారిని, ఆప్తులను పోగొట్టుకొన్నవారిని ఎరిక్ లిండెమన్ అను వైద్యుడు పరిశీలించి 1944లో ఒక వ్యాసము ప్రకటించినాడు. దుఃఖించుట రోగము కాదనీ, దుఃఖమును అణచుకొన్నవారే తరువాత ఎక్కువ బాధపడుదురనీ దాని సారాంశము. మా “ఏడవకండి” అక్కడనే తప్పిపోయినది. 1964లో జెరాల్డ్ కాప్లాన్ అను వైద్యుడు ఈ ఆలోచనను పెంచి, ఆపద తరువాతి కొద్ది వారములే కీలకమనీ, అప్పుడందిన చిన్న సాయము తరువాతి పెద్ద వైద్యమును తప్పింపవచ్చుననీ వ్రాసినాడు.

ఇది వైద్యులకే పరిమితమా? కాదు. 1953లో లండనులో చాద్ వారా అను క్రైస్తవ మతగురువు ఆత్మహత్య తలపు గలవారి కొరకు ఒక టెలిఫోను పెట్టినాడు. ఆయన కొరకు వేచియుండువారికి టీ ఇచ్చి మాటలాడుటకు కొందరు సామాన్యులు వచ్చి కూర్చుండిరి. చిత్రమేమనగా, వారితో మనస్సు విప్పి మాటలాడిన పలువురికి ఇక ఆయనతో పని లేకపోయినది. అట్లు సమారిటన్స్ సంస్థ సామాన్యుల చేతికి వచ్చినది. మన మద్రాసులో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన “స్నేహ” ఆ కోవలోనిదే.

మన దేశములో 1984 డిసెంబరు నాటి భోపాల్ విషవాయు దుర్ఘటన కనువిప్పైనది. మనోవైద్యులు చాలనందున, మరుసటి యేటనే సాధారణ వైద్యులకు ఈ విషయమున శిక్షణ ఇచ్చినారు. 1999 ఒడిశా పెనుతుఫానులోను, 2004 సునామీలోను బెంగళూరు నిమ్హాన్స్ వారు ఇంకొక అడుగు వేసి, ఊరివారినే కార్యకర్తలుగా తయారుచేయుటకు తోడ్పడినారు.

శిక్షణలోను పొరపాట్లున్నవి. 1983లో మిచెల్ అను అమెరికనుడు, ఆపద చూచిన వారందరినీ కూర్చుండబెట్టి జరిగినదంతా చెప్పించు పద్ధతి ప్రచారము చేసినాడు. తరువాతి పరిశీలనలలో, అట్లు ఒక్క బైఠకులో చెప్పించుట వలన మేలు కనబడలేదు. కొందరికి కీడు కూడ జరిగినది. కాబట్టి 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శిలో బలవంతముగా చెప్పింపవద్దన్నారు. మూడు పనులు చెప్పినారు: చూడుము, వినుము, కలుపుము. ప్రమాదమేమైన ఇంకను ఉన్నదా, ఎవరికి అత్యవసరము అని చూచుట. చెప్పదలచినది మాత్రమే ఓపికతో వినుట. అన్నము, పడక, అయినవారు, అవసరమైనచో వైద్యుడు, వీరితో కలుపుట. తెలియనిదానికి మాట ఇవ్వరాదు. మా “ఏమీ కాదు” అట్టి మాటయే. “ధైర్యంగా ఉండండి” యన్నది వినుట కాదు, నోరు మూయించుట.

ఆ పెద్దాయనను మేము చేయవలసినది వేరు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ప్రక్కన కూర్చొని, “తోడు ఎవరు వచ్చారు తాతా? రాత్రి ఎక్కడ ఉంటారు?” అని అడుగవలసినది. దానికి శాస్త్రము పెద్దగా అక్కరలేదు. కాని నేర్వనిదే తోచదు.

సోదర సోదరీమణులారా! మూడు తరములుగా పరాయి గడ్డపై ఉన్నవారము. బజారులో ఒడియా, ఆఫీసులో హిందీ మాటలాడుదుము. కాని దుఃఖము వచ్చినపుడు నోట వచ్చునది తెలుగే. అట్టివానికి తెలుగులో వినేవాడు దొరకుట సగము ఓదార్పు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసినచో తెలుగులోను మాటలాడవచ్చును. ఆ నంబరును ప్రతి ఇంట గోడపై వ్రాసి యుంచుడు. అంతతో ఆగక, మన సంఘము ఈ ఉగాది మొదలు యేటా ఒక ఆదివారమైనను తెలిసినవారిని పిలిపించి, పదిమంది యువతీ యువకులకు ఈ విద్య నేర్పించవలెనని మా ప్రార్థన. ఆ పదిమందిలో మొదటి పేరు మాది వ్రాసికొనవలెను. ఆ పెద్దాయన పేరు కూడ మేము అడుగలేదు. ఆ ఋణము ఇట్లైన కొంత తీరునేమో.