కారంపూడి వీరుల గుడి – దాని పరిచారకులు

పరరాజులతో బోరి మడిసిన వీరులకు ప్రభువులు జయస్తంభములు నిలిపిరి. దాయాదులు తమలో దాము పోరి కూలినచో వారిని దలచువారెవ్వరు? పలనాటివారు దలచిరి. పల్నాడు జిల్లాలో నాగులేటి యొడ్డున, పూర్వులు కార్యమపూడి యనిన కారంపూడియందలి వీరుల గుడి యిందుకు నిదర్శనము.

క్రీ. శ. 12వ శతాబ్ది యుత్తరార్ధమున, గురజాల నేలిన నలగామరాజునకును మాచెర్ల నేలిన మలిదేవాదులకును నడుమ కోడిపందెముతో బెరిగిన వైరము, రాయబారిగ వెళ్లిన అలరాజు విషప్రయోగమున మరణించుటతో యుద్ధమై ఈ నేలపై ముగిసినది. కథ యందఱెఱిగినదే, విస్తరింప బనిలేదు. శ్రీనాథుని పేర వెలసిన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో బ్రకటించిన పిదప నది విద్యావంతులకు జేరువైనది. అంతకుముందు ఏడు శతాబ్దములు ఆ కథను బ్రతికించినది అచ్చుయంత్రము గాదు. గుడిని గొలిచినవారును, కథను బాడినవారును.

మడిసిన వీరులు లింగములైరని పలనాటివారి విశ్వాసము. కావున నీ గుడిలో నొక్కొక్క శిలయు నొక్కొక్క వీరుడే. ఏటేట కార్తికామావాస్య నాడు ఉత్సవము మొదలై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదుదినములు సాగును. (కథలో కోడిపోరు ముందు, రాయబారము చాల వెనుక, ఉత్సవమున వరుస మాఱినది.) దూరపు టూళ్లనుండి సైతము వీరాచారులు కొణతములనెడి వీరుల యాయుధములను మోసికొని వచ్చి, నాగులేట స్నానము చేయించి, గుడికి దెత్తురు. ఇవి యే రాజుగారి యాయుధశాలలోనివియు గావు. తండ్రి మోసినదానిని గొడుకు మోయును. జీతమా? లేదు. కథ పాడు వీరవిద్యావంతులు మాలకులమువారు. వారి గానమును విని వ్రాసికొని, అమెరికా పండితుడు జీన్ రోఘేర్ 1982లో ఆంగ్లమున గ్రంథముగ వెలువరించెను. మన పండితులు మున్ముందే పూనుకొనవలసిన పని యది!

కులసభల సంచికలలో ‘ఫలానా వీరుడు మావాడు’ అని వ్రాసికొనుట పరిపాటి. వంశాభిమానమును దప్పనను. కాని బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని నొక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు నడపెననియు, మాల కన్నమదాసును గొడుకుగ జేపట్టెననియు, బాలచంద్రుని వెంట గుమ్మరి, చాకలి, మంగలి, కంసాలి తమ్ములు యుద్ధమునకు నడచిరనియు గదా కథ చెప్పుచున్నది. మందపోరు నాడు కారంపూడిలో నేటికిని జాపకూడు వడ్డింపబడుచున్నది. ఏ సంఘమైనను నొక్క వీరుని పేర మాత్రమే విరాళమిచ్చి తక్కినవారిని విడువజూచినచో నా పంక్తిలో దానికి జోటు లేదు.

పోషకులు సాధారణముగ గోడలకును గోపురములకును ధనమిచ్చెదరు. శిలాఫలకముపై పేరు నిలుచును గనుక. నా మతమున నంతకంటె ముందు చూడవలసినది కొణతము మోసి వచ్చువాని దారిబత్తెమును, పాటకుని బిడ్డ యా పాటను నేర్చుటకు వలయు నాధారమును. కల్లిపాడుతో నుత్సవము ముగిసినంతనే కొణతములు, తెచ్చినవారి భుజములమీదనే, మరల నూళ్లకు దరలును.